పదోన్నతి నిబంధన, కోర్టు ధిక్కారం: బందరు కచేరీ నుంచి అమరావతి హైకోర్టు దాకా

ప్రభుత్వ ఉద్యోగి పదోన్నతి తగాదా ధిక్కార కేసుగా మారే కథలో మూడు కాగితాలు ఉంటాయి. మొదటిది సర్వీసు నిబంధన. రెండోది, ఆ నిబంధన తన విషయంలో తప్పుగా వర్తించిందని ఉద్యోగి వేసిన కేసులో వచ్చిన తీర్పు. మూడోది, ఆ తీర్పు చేతికందాక సచివాలయమో శాఖాధిపతి కార్యాలయమో ఇవ్వాల్సిన జీవో, లేదా మెమో. రెండో కాగితం చెప్పింది మూడో కాగితం చేయకపోయినా, మూడో కాగితం అసలు వెలువడకపోయినా ఉద్యోగి మళ్లీ కోర్టు మెట్లెక్కి ధిక్కార పిటిషన్ వేస్తాడు. ఆంధ్రదేశంలో ఈ వ్యాజ్యాల చరిత్రను నడిపించింది ఒక్క ప్రశ్నే: ఉద్యోగి పైకి వెళ్లే దారి గురించి చివరి మాట ఎవరిది, నిబంధన రాసే ప్రభుత్వానిదా, దానికి అర్థం చెప్పే న్యాయస్థానానిదా?

ఈ ప్రశ్న బరువు సచివాలయంలో కంటే డెల్టా కొసన ఎక్కువగా తెలుస్తుంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట, హంసలదీవి పక్కన, కోడూరు మండలంలో పాలకాయతిప్ప ఉంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తుడిచిపెట్టిన దివిసీమ తీర గ్రామాల్లో అదొకటి. ఇలాంటి ఊళ్లలో ప్రభుత్వం అంటే ఒక బడిపంతులు, ఒక రెవెన్యూ ఉద్యోగి, కాలవ మీద ఒక లస్కరు, మెరైన్ పోలీస్ స్టేషన్‌లో కొద్దిమంది కానిస్టేబుళ్లు. వాళ్ల సీనియారిటీ లెక్క జిల్లా కేంద్రమైన బందరులో (మచిలీపట్నంలో) తేలుతుంది. దానికి మూలమైన నిబంధన రాజధానిలో తయారవుతుంది. అది తప్పని అనిపిస్తే వెళ్లాల్సిన కోర్టు గత వందేళ్లలో నాలుగు ఊళ్లు మారింది: మద్రాసు, గుంటూరు, హైదరాబాదు, అమరావతి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 జూలైలో కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తిగా గుంటూరులో హైకోర్టు మొదలైంది. దివిసీమ ఉద్యోగికి హైకోర్టు దగ్గరలో ఉన్నది ఆ రెండేళ్లే. 1956 నవంబరులో అది హైదరాబాదుకు తరలింది. తిరిగి కృష్ణ ఒడ్డుకు రావడానికి 2019 జనవరి దాకా పట్టింది.

కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలంలో ఇలాంటి తగాదాకు చోటే లేదు. ఇంగ్లీషువాళ్లు బందరులో 1611లోనే వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1794లో మచిలీపట్నం చీఫ్ అండ్ కౌన్సిల్ పాలనను ఎత్తేసి కలెక్టర్లను నియమించారు. కలెక్టరు కచేరీలో దేశీయ ఉద్యోగులకు అందే పెద్ద పదవి హుజూరు శిరస్తాదారు. గుమాస్తాగా చేరినవాడు ఆ పదవి దాకా ఎలా ఎదగాలో చెప్పే నిబంధన ఏదీ లేదు. కలెక్టరు దయ, శిరస్తాదారు సిఫారసు, కుటుంబ సంబంధం ఈ మూడే నిచ్చెన మెట్లు. దాని ఫలితం కృష్ణకు అవతలి ఒడ్డున బయటపడింది. 1840లలో గుంటూరు జిల్లా వ్యవహారాలపై వాల్టర్ ఇలియట్ జరిపిన విచారణలో, కొద్ది కుటుంబాలు కచేరీ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకున్న తీరు వెల్లడైంది. కింది ఉద్యోగాలు పలుకుబడి గల కొద్ది కుటుంబాల సొత్తు కాకుండా చూడాలని, వాటిని జిల్లాలోని ముఖ్య కులాల మధ్య పంచాలని మద్రాసు రెవెన్యూ బోర్డు 1854లో 128వ నంబరు స్టాండింగ్ ఆర్డరు ఇచ్చింది. దక్షిణాదిలో ఉద్యోగ రిజర్వేషన్ల చరిత్ర రాసేవారు తొలి మెట్టుగా దీన్నే చూపిస్తారు. 1859లో గుంటూరు, మచిలీపట్నం, రాజమండ్రి జిల్లాలను కృష్ణా, గోదావరి జిల్లాలుగా మార్చి కూర్చాక ఈ ఆదేశం బందరు కచేరీకి కూడా దారి చూపాల్సిన పత్రమైంది. అయితే అది కలెక్టరుకు పైవారు చేసిన హితవు మాత్రమే. దాన్ని పాటించలేదని గుమాస్తా కోర్టుకు పోవడానికి వీలులేదు.

నిబంధనలు అచ్చయిన తర్వాత కూడా పరిస్థితి మారలేదు. మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో రీడరుగా పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న ఆర్. వెంకటరావు కేసులో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1937లో తేల్చిన మాట ఇది: సర్వీసు నిబంధనలు ప్రభుత్వం ఇచ్చిన గంభీరమైన హామీలే, కానీ వాటిని మీరారని దావా వేసి గెలవడం కుదరదు, పై అధికారికి మొరపెట్టుకోవడమే దారి. కోర్టు ధిక్కారాన్ని శిక్షించే చట్టం 1926 నుంచీ ఉంది. కానీ అమలు చేయించగల తీర్పే లేనప్పుడు ధిక్కారం ఎక్కడి నుంచి వస్తుంది? స్వాతంత్ర్యానికి ముందు ఈ రెండు దారులూ ఎక్కడా కలవలేదు.

కలిపింది రాజ్యాంగం. ఉద్యోగావకాశాల్లో సమానత్వాన్ని 16వ అధికరణ ప్రాథమిక హక్కు చేసింది. నిబంధనలు చేసే అధికారం 309వ అధికరణ కింద ప్రభుత్వానికి దక్కింది. ఆ నిబంధనలను పరీక్షించి రిట్ జారీ చేసే అధికారం 226వ అధికరణతో హైకోర్టుకు వచ్చింది. తన ధిక్కారాన్ని తానే శిక్షించుకునే అధికారం 215వ అధికరణలో ఉంది. 1926 చట్టం స్థానంలో 1952లో ఒకటి, హెచ్.ఎన్. సన్యాల్ కమిటీ సిఫారసుల తర్వాత 1971లో ఇంకొకటి వచ్చాయి. నేటికీ అమలులో ఉన్న 1971 చట్టం ధిక్కారాన్ని సివిల్, క్రిమినల్ అని విడదీసింది. పదోన్నతి తగాదాలన్నీ సివిల్ ధిక్కారం కిందికి వస్తాయి, అంటే తీర్పును బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించడం. శిక్ష ఆరు నెలల దాకా సాధారణ జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఉల్లంఘన జరిగిన ఏడాదిలోపు కదలకపోతే 20వ సెక్షన్ తలుపు మూసేస్తుంది. ఫైలు కదలికలు చూస్తూ కూర్చున్న ఉద్యోగులు ఎక్కువగా దెబ్బతినేది ఈ గడువు దగ్గరే.

1956లో ఆంధ్ర, తెలంగాణ కలిశాయి. రెండు వేర్వేరు ప్రభుత్వాల్లో, రెండు వేర్వేరు నిబంధనల కింద పెరిగిన ఉద్యోగులను ఒకే సీనియారిటీ జాబితాలోకి తేవాల్సి వచ్చింది. ఈ బరువు డెల్టాకు బాగా తెలిసిన శాఖ మీద పడింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కృష్ణా డెల్టా ఇంజనీర్ల రాజ్యం. కాలవలు, లాకులు, మురుగు డ్రెయిన్లు, కరకట్టలు అన్నీ పీడబ్ల్యూడీ (ప్రజా పనుల శాఖ) చేతిలోనే ఉండేవి. అందులో డిగ్రీ లేని సూపర్‌వైజరు, డిగ్రీ ఉన్న సూపర్‌వైజరు పక్కపక్కనే పనిచేసేవారు. పై మెట్టు అయిన అసిస్టెంట్ ఇంజనీరు పోస్టులో పట్టభద్రులకు పెద్ద వాటా, మిగిలినవారికి చిన్న వాటా ఇచ్చే ఆంధ్ర నిబంధనలను హైదరాబాదు నుంచి వచ్చిన సూపర్‌వైజర్లు ప్రశ్నించారు. మహమ్మద్ షుజాత్ అలీ కేసుగా పేరుబడిన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1974లో నిబంధనలను నిలబెట్టింది. ఆ తీర్పు గీసిన గీత ఈనాటికీ చెరగలేదు. పదోన్నతికి పరిగణన పొందే హక్కు సర్వీసు షరతు, దాన్ని ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి వీల్లేదు. పదోన్నతి వచ్చే అవకాశం ఎక్కువా తక్కువా అన్నది మాత్రం హక్కు కాదు. పదోన్నతి కేసుల్లో తీర్పులు ఎక్కువగా “పదోన్నతి ఇవ్వండి” అనకుండా “పరిగణించండి” అని ముగియడం వెనుక ఉన్నది ఈ గీతే. తర్వాతి కాలపు ధిక్కార పిటిషన్లలో సగం చిక్కు ఆ ఒక్క క్రియాపదంలో ఉంది.

తెలంగాణ ఉద్యోగాలను స్థానికులకు కేటాయించే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పడంతో కోస్తాలో ప్రత్యేక రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఎన్జీవోలు (నాన్-గెజిటెడ్ ఉద్యోగులు) కార్యాలయాలు వదిలి వీధిలోకి వచ్చారు. కృష్ణా జిల్లా ఆ ఉద్యమానికి ముఖ్య కేంద్రాల్లో ఒకటి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన, సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం, ఆ వెంటనే 32వ రాజ్యాంగ సవరణ వచ్చాయి. సవరణ ద్వారా చేరిన 371-డి అధికరణ రెండు పనులు చేసింది. దాని కింద 1975 అక్టోబరులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని జోన్లుగా పంచింది. ఉభయ గోదావరులతో కలిసి కృష్ణా జిల్లా రెండో జోన్ అయింది. ప్రతి స్థానిక కేడరూ నియామకానికి, సీనియారిటీకి, పదోన్నతికి, బదిలీకి వేరే యూనిట్. కోడూరులో పనిచేసే గుమాస్తాకు పోటీ ఎవరో, అతని పేరు ఏ జాబితాలో ఎన్నోది అవుతుందో ఇక ఆ ఉత్తర్వే నిర్ణయిస్తుంది.

రెండో పని ఇంకా పెద్దది. సర్వీసు తగాదాలను హైకోర్టు నుంచి తీసి ఒక పరిపాలనా ట్రైబ్యునల్‌కు అప్పగించింది. 1976 జూలై 1న హైదరాబాదులో పని మొదలుపెట్టిన ఆంధ్రప్రదేశ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ దేశంలో ఇలాంటి వాటికి ముందు నడిచింది. దానికి తన ధిక్కారాన్ని శిక్షించే అధికారం ఇవ్వవచ్చని 371-డి నాలుగో క్లాజులోనే రాశారు. ఒక రాష్ట్రపు ఉద్యోగుల ట్రైబ్యునల్‌కు ధిక్కార అధికారం రాజ్యాంగ పాఠంలోనే చోటు చేసుకోవడం గమనించదగ్గ విషయం.

అయితే ఒక చేత్తో ఇచ్చినదాన్ని అయిదో క్లాజు రెండో చేత్తో తీసుకుంది. ట్రైబ్యునల్ తుది ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వం ఖాయం చేశాక, లేదా మూడు నెలలు గడిచాక మాత్రమే అమలులోకి వస్తుంది. ఆ మూడు నెలల్లోపు ప్రభుత్వం కారణాలు రాసి దాన్ని మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. కేసులో ఓడిన ప్రతివాదే తీర్పు మీద అప్పీలు అధికారి అయ్యాడు. ఉద్యోగి గెలిచినా ప్రభుత్వం రద్దు చేస్తే ఉల్లంఘించడానికి ఉత్తర్వే మిగలదు, ధిక్కారమూ ఉండదు. కుంఫిణీ కచేరీలో కలెక్టరు దయ మీద బతికిన గుమాస్తాకూ, ఈ పదేళ్లలో ట్రైబ్యునల్‌లో గెలిచి సచివాలయం వైపు చూస్తూ నిలబడ్డ గుమాస్తాకూ మధ్య దూరం తక్కువే. పి. సాంబమూర్తి కేసులో 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నేతృత్వంలోని ధర్మాసనం ఆ క్లాజును కొట్టివేసింది. చట్టబద్ధ పాలనకు అది విరుద్ధమని, కక్షిదారుగా ఉన్న ప్రభుత్వం తీర్పును తోసిపుచ్చే అధికారం తన దగ్గర ఉంచుకోరాదని చెప్పింది. తెలుగునాట ఉద్యోగుల ధిక్కార వ్యాజ్యానికి నిజమైన పునాది ఆ రోజు పడిందనడం న్యాయం.

ఆ పదేళ్ల నడుమ పుట్టిన ఒక కేసు నిబంధనకూ కాలానికీ ఉన్న సంబంధాన్ని దేశమంతటికీ నేర్పింది. రిజిస్ట్రేషన్ శాఖలో గ్రేడ్-2 సబ్‌రిజిస్ట్రారు పోస్టుకు గుమాస్తాల నుంచి ఏటా సెప్టెంబరులో ప్యానెల్ (పదోన్నతికి అర్హుల జాబితా) తయారు చేయాలి. పాత నిబంధన ప్రకారం అప్పర్ డివిజన్ క్లర్కులతో (యూడీసీ) పాటు లోయర్ డివిజన్ క్లర్కులకూ (ఎల్డీసీ) అందులో చోటుంది. 1976 సెప్టెంబరులో తయారు కావాల్సిన ప్యానెల్ కాలేదు. 1977 మార్చిలో నిబంధన మారింది, ఎల్డీసీలు ఆ దారికి దూరమయ్యారు. ఆ తర్వాత ప్యానెల్ వేశారు, కొత్త నిబంధన ప్రకారం. తప్పు ఎక్కడ ఉందో చూడటానికి న్యాయశాస్త్రం అక్కర్లేదు. సకాలంలో చేయాల్సిన పని చేయకుండా ఉండి, ఆ ఆలస్యాన్ని ఉద్యోగి నెత్తిన వేశారు. వై.వి. రంగయ్య కేసులో సుప్రీంకోర్టు 1983 మార్చిలో చెప్పిన సూత్రం సూటిగా ఉంది: నిబంధన మారకముందు ఏర్పడ్డ ఖాళీలకు పాత నిబంధనే వర్తిస్తుంది. నలభై ఏళ్ల పాటు ఈ మాట ప్రతి సర్వీసు కేసులో వినిపించింది. అవనిగడ్డ నుంచి ఆదిలాబాదు దాకా ఏ గుమాస్తా ప్యానెల్ ఆలస్యమైనా వకీలు నోట మొదట వచ్చే పేరు రంగయ్యదే.

ఈ తీర్పు ధిక్కార వ్యాజ్యాలకు ఎలా దారి వేసిందో చెప్పుకోవాలి. పాత ఖాళీ, పాత నిబంధన అన్న సూత్రం గెలిచిన ఉద్యోగికి వెనకటి తేదీ నుంచి నోషనల్ (కాగితం మీది) పదోన్నతి తెచ్చిపెడుతుంది. ఆ తేదీ నుంచి సీనియారిటీ మారుతుంది. సీనియారిటీ మారితే ఈలోగా పైకి వెళ్లిన మరొకరు కిందికి రావాలి, అంటే రివర్షన్. శాఖ ఆ రివర్షన్ చేయడానికి వెనుకాడుతుంది. పైకి వెళ్లినవారు అప్పటికి నాలుగైదేళ్లు పనిచేసి ఉంటారు, కేసులో తాము కక్షిదారులం కూడా కామంటారు. అధికారి ఇద్దరి మధ్య ఇరుక్కుని ఫైలును న్యాయశాఖ అభిప్రాయానికి పంపుతాడు. నెలలు గడుస్తాయి, ధిక్కార నోటీసు వస్తుంది. బుద్ధిపూర్వక ఉల్లంఘనకూ భయంతో కూడిన జాప్యానికీ మధ్య తేడా కనిపెట్టడమే ధిక్కార న్యాయమూర్తికి అన్నింటికంటే కష్టమైన పని.

1983లో గుడివాడ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. ఒక్కసారిగా వేల ఖాళీలు, వేల పదోన్నతులు. 1984 ఆగస్టులో అధికారం చేతులు మారిన రోజుల్లో వయసు మళ్లీ 58 అయింది. తగ్గింపు చెల్లుతుందని కె. నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినా, ఈ రెండు తేదీల నడుమ ఇంటికి వెళ్లినవారికి 1985లో బి. ప్రభాకరరావు కేసులో ఊరట ఇచ్చింది. అదే ప్రభుత్వ కాలంలో, 1984 జనవరిలో, కరణం, మునసబు వంశపారంపర్య గ్రామోద్యోగాలు రద్దయ్యాయి. దివిసీమ గ్రామాల్లో తరతరాలుగా దస్తావేజులు చూసిన ఇళ్ల నుంచి అధికారం జారి, నిబంధనల ప్రకారం నియమితుడై, సీనియారిటీ ప్రకారం పైకి వెళ్లే ఉద్యోగి చేతికి వచ్చింది. ఆ మార్పును కూడా సుప్రీంకోర్టు సమర్థించింది.

1985లో పార్లమెంటు పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టం చేసింది. దాని 17వ సెక్షన్ ట్రైబ్యునల్‌కు ధిక్కారం విషయంలో హైకోర్టుతో సమానమైన అధికారం ఇచ్చింది. 1989 నుంచి రాష్ట్ర ట్రైబ్యునల్ ఈ చట్టం కింద నడిచింది. హైకోర్టు ఊసే లేకుండా ట్రైబ్యునల్ నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి 1993లో సకినాల హరినాథ్ కేసులో తప్పుపట్టింది. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1997 మార్చి 18న ఎల్. చంద్రకుమార్ కేసులో అదే ధోరణిని దేశమంతటికీ వర్తింపజేసింది. హైకోర్టు సమీక్షాధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగం, ట్రైబ్యునల్ తీర్పులు ముందు హైకోర్టు డివిజన్ బెంచికి రావాలి.

ఇక్కడ ఒక కొత్త అనుమానం పుట్టింది, అదీ తెలుగునాటే. ట్రైబ్యునల్ ఇప్పుడు హైకోర్టు కింద ఉందంటే దాని ధిక్కార అధికారం ఇంకా నిలిచి ఉందా? నిలవలేదని, కింది కోర్టును ధిక్కరించినప్పుడు శిక్షించినట్టే హైకోర్టే శిక్షించాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. ఉద్యోగి పరిస్థితి ఊహించవచ్చు. ట్రైబ్యునల్‌లో వేసిన ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్) గెలిచిన చోట దాని అమలు అడగడానికి వీల్లేదు, మరో కోర్టులో మరో వకీలుతో మళ్లీ మొదలుపెట్టాలి. టి. సుధాకర్ ప్రసాద్ కేసులో 2000 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పికొట్టింది. చంద్రకుమార్ తీర్పు 17వ సెక్షన్‌ను తాకలేదని, ట్రైబ్యునల్ ధిక్కార అధికారం యథాతథంగా ఉందని, ఆ శిక్షపై అప్పీలు సుప్రీంకోర్టుకే వెళ్తుందని జస్టిస్ ఆర్.సి. లహోటి రాశారు. తీర్పు ఇచ్చినవారికే దాన్ని అమలు చేయించే బలం ఉండాలన్న సామాన్య న్యాయం ఇందులో నిలబడింది. ఈ కేసు పేరు ఇప్పుడు దేశంలోని ప్రతి ట్రైబ్యునల్ ధిక్కార వ్యాజ్యంలోనూ వినిపిస్తుంది.

ఆయుధం చేతికి వచ్చినా దాని పదును ఎంతో వేరే తీర్పులు కొలిచి చెప్పాయి. కఠినంగా తగిలిన కేసు పొరుగు రాష్ట్రానిది. బెంగళూరు నగరపాలక సంస్థ ఇంజనీరు పదోన్నతి విషయంలో ఇచ్చిన ఆదేశాన్ని అమలు చేయనందుకు 1995లో సుప్రీంకోర్టు కర్ణాటక కార్యదర్శి హోదాలోని ఐఏఎస్ అధికారికి నెల రోజుల జైలు వేసింది. దాని ప్రకంపనలు హైదరాబాదు సచివాలయం దాకా వచ్చాయి. మరుసటి ఏడాదే వచ్చిన జె.ఎస్. పరిహార్ తీర్పు అదే దారికి అడ్డుకట్ట వేసింది. రాజస్థాన్ సీనియారిటీ జాబితాకు సంబంధించిన ఆ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదీ: కోర్టు ఆదేశం మేరకు అధికారి ఒక కొత్త జాబితా వేశాక, ఆ జాబితా తప్పు కావచ్చు, కానీ అది కొత్త వివాదం. దాన్ని కొత్త రిట్‌లో తేల్చుకోవాలి, ధిక్కారంలో కాదు. ధిక్కార కోర్టు మూల తీర్పుకు అవతలి అంశాల్లోకి పోరాదని 2002లో జారేశ్వర్ ప్రసాద్ పాల్ కేసు మరింత గట్టిగా చెప్పింది.

“పరిగణించండి” అన్న మాట బరువు ఇక్కడే తెలుస్తుంది. కోర్టు ఉద్యోగి పేరు పరిగణించమంటుంది. శాఖ పరిగణించి, కారణాలు రాసి, తిరస్కరిస్తుంది. ఉత్తర్వు అమలైనట్టే, ధిక్కార కేసు మూతపడుతుంది. ఉద్యోగి మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడతాడు, వయసు మాత్రం పెరుగుతుంది. ఈ గుండ్రటి దారి న్యాయసూత్రంగా ఎంత సక్రమమైనదైనా, డెల్టా కొసన పనిచేసేవాడికి అది అన్యాయంగా అనుభవంలోకి వస్తుంది. ఆ అనుభవం అబద్ధం కాదు.

ఉద్యోగి చేతిలో ఉండే నిబంధనల పుస్తకం ఈలోగా మారింది. 1962 నాటి రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నిబంధనల స్థానంలో 1996 అక్టోబరు 15న 436వ నంబరు జీవోతో కొత్తవి వచ్చాయి. ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు. సీనియారిటీకి 33వ నిబంధన, తాత్కాలిక నియామకానికి 10వ నిబంధన. ప్యానెల్ వేయకుండా 10వ నిబంధన కింద తాత్కాలికంగా పైకి పంపి, ఏళ్ల తరబడి అలాగే ఉంచడం ఎన్నో శాఖల్లో అలవాటైంది. ఎన్నో కేసులకు విత్తనం అదే. 2003 ఫిబ్రవరి 14న సాంఘిక సంక్షేమ శాఖ 5వ నంబరు జీవో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం వాటాను పదోన్నతుల్లోకి తెచ్చింది, కేడరులో అయిదు కంటే ఎక్కువ పోస్టులు ఉన్నచోట. 77వ, 85వ రాజ్యాంగ సవరణల అండ దీనికుంది. 2006లో ఎం. నాగరాజ్ తీర్పు ఆ సవరణలను నిలబెడుతూనే, ప్రాతినిధ్యం తక్కువని లెక్కలతో చూపాలని షరతు పెట్టింది. రిజర్వేషన్ రోస్టరు పాయింటు మీద ముందు పైకి వెళ్లినవారి సీనియారిటీ ఏమవుతుందన్న ప్రశ్న ఇరువైపుల నుంచీ కోర్టులకు చేరింది. ఒకరి తీర్పు అమలు మరొకరి తీర్పుకు ఉల్లంఘన అవుతుందేమోనన్న స్థితి కర్ణాటకలో నిజంగానే వచ్చింది. బి.కె. పవిత్ర కేసులో 2017లో అక్కడి సీనియారిటీ చట్టం కొట్టివేతకు గురైంది. తీర్పు అమలు కాలేదని ధిక్కార పిటిషన్లు పడ్డాయి. రాష్ట్రం లెక్కలు సేకరించి 2018లో కొత్త చట్టం తెచ్చింది. 2019 మేలో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించింది. శాసనసభ చట్టంతో తీర్పు పునాదినే మార్చగలిగినప్పుడు ధిక్కారం దానంతట అదే కరిగిపోతుందని ఆ పరిణామం చూపింది.

బడిపంతుళ్ల కథ వేరే పుస్తకానికి తగినది. ప్రభుత్వ పాఠశాలల టీచర్లు, జిల్లా పరిషత్ టీచర్లు ఒకే పని చేస్తారు, కానీ కేడర్లు వేరు. మండల విద్యాధికారి వంటి పై పోస్టులకు ఎవరు అర్హులన్న తగువు ఏకీకృత సర్వీసు నిబంధనల పేరుతో రెండు దశాబ్దాలకు పైగా నడిచింది. రెండు కేడర్లను కలుపుతూ 2017లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు సవరణను మరుసటి ఏడాది హైకోర్టు కొట్టివేసింది. దివిసీమ పల్లెల్లో పనిచేసిన ఎందరో జిల్లా పరిషత్ ఉపాధ్యాయులు ఈ కేసు నంబరు వింటూనే పదవీ విరమణ చేశారు.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 371-డి రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగింది. ట్రైబ్యునల్ మాత్రం నిలవలేదు. తెలంగాణలో 2016లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటికీ అది ముగిసి, పేరుకున్న ఓఏలన్నీ హైకోర్టుల్లో రిట్ పిటిషన్లుగా మారాయి. సుధాకర్ ప్రసాద్ కేసులో గెలిచి దక్కించుకున్న ధిక్కార అధికారాన్ని తెలుగు రాష్ట్రాల్లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల కోసం ఇక వాడుకునే సంస్థే లేదు. 1976 ముందు లాగా సర్వీసు తగాదా, దాని ధిక్కారం రెండూ హైకోర్టులోనే. బందరు నుంచి అమరావతికి పొద్దున బయలుదేరితే వాయిదా వేళకు చేరుకోవచ్చు. హైదరాబాదుకు రాత్రి రైలెక్కిన తరానికి ఇది చిన్న మార్పు కాదు.

అమరావతి హైకోర్టు ధిక్కారం విషయంలో మెతకగా లేదు. సర్వీసుల క్రమబద్ధీకరణ ఉత్తర్వు అమలు చేయలేదని 2021 జూన్‌లో ఇద్దరు ఉన్నతాధికారులకు వారం రోజుల శిక్ష విధించి, క్షమాపణ విన్నాక సడలించింది. బడుల ఆవరణలో గ్రామ సచివాలయాలు కట్టవద్దన్న ఆదేశం విషయంలో 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్‌లకు రెండు వారాల జైలు అని చెప్పి, క్షమాపణ తర్వాత దాన్ని సంక్షేమ హాస్టళ్లలో సేవగా మార్చింది. ధిక్కార కేసులో హాజరు కమ్మనే ఫారం-1 నోటీసు అందుకున్న కార్యదర్శి స్వయంగా వచ్చి నిలబడటం అక్కడ మామూలైంది. అధికారులను ప్రతి చిన్న విషయానికీ పిలిపించరాదని, వీలైతే వీడియో ద్వారా వినాలని, ఆదేశం అమలుకు తగిన గడువు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 జనవరి 3న విధివిధానాలు ప్రకటించింది. అయితే ఉత్తర్వును తెలిసి మీరినవారికి ఆ రక్షణ లేదు. హైకోర్టు ఆదేశాన్ని లెక్కచేయకుండా గుంటూరు జిల్లాలో గుడిసెలు కూల్పించిన తహసీల్దారు తర్వాత డిప్యూటీ కలెక్టరయ్యాడు. 2025 మే 9న సుప్రీంకోర్టు అతన్ని తిరిగి తహసీల్దారు స్థాయికి దించి, లక్ష రూపాయల జరిమానా వేసింది. అన్నాళ్లూ ధిక్కార కేసుకు కారణంగా ఉన్న పదోన్నతిని పోగొట్టుకోవడమే ఈసారి ధిక్కారానికి శిక్షగా మారింది.

రంగయ్య సూత్రం ఆయుష్షు కూడా ఈ మధ్యే తీరింది. హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం, రాజ్‌కుమార్ మధ్య కేసులో 2022 మే 20న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని రద్దు చేసింది. తీర్పు రాసింది తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ. ఖాళీ ఏర్పడినంత మాత్రాన పాత నిబంధన మీద హక్కు పుట్టదని, పదోన్నతి పరిగణనకు వచ్చే రోజున అమలులో ఉన్న నిబంధనే వర్తిస్తుందని అది చెప్పింది. 1976 సెప్టెంబరులో వేయని ప్యానెల్ గురించి రిజిస్ట్రేషన్ గుమాస్తాలు గెలిచిన వాదన ఈరోజు అదే మాటలతో వేస్తే గెలవదు. ప్యానెల్ సకాలంలో వేయించుకోవడం ఇప్పుడు ఉద్యోగికి ఇదివరకటి కంటే అవసరం. అందుకే జాబితా ఆలస్యమవుతుండగానే రిట్ వేసి, ఫలానా తేదీలోపు ప్యానెల్ పూర్తి చేయాలని గడువుతో కూడిన ఆదేశం కోరడం మేలైన దారి. ఆ తేదీ దాటిందంటే ఏడాది లెక్క మొదలవుతుంది, ధిక్కార పిటిషన్ ఆ లోపే పడాలి.